బంటికి కటింగ్ ఇంట్లోనా, షాపులోనా?

విశాఖపట్నం నుంచి బ్యాంకులో పనిచేసే ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వాళ్ళింట్లో బంటి అని నాలుగేళ్ళ షిట్జు కుక్క ఉంది. ఏడో తరగతి చదువుతున్న పాప పట్టుబట్టి తెప్పించుకున్న కుక్క. ఆరు వారాలకోసారి గ్రూమింగ్ షాపుకి తీసుకెళ్ళి 1,800 రూపాయలు కట్టేవారు. దసరా తర్వాత శ్రీకాకుళంలో దగ్గర బంధువుల పెళ్ళి పనుల్లో పడి దాదాపు మూడు వారాలు ఎవరూ వాడికి దువ్వెన పెట్టలేదు. తిరిగొచ్చాక షాపులో వదిలితే సాయంత్రానికి జీరో కటింగ్ చేసి ఇచ్చారట. వెనక తొడ లోపలివైపు ఎర్రగా కమిలిన చార ఉంది. అడిగితే "జడలు కట్టేసింది మేడం, వేరే దారి లేదు" అన్నారు. ఆ రోజు నుంచి బంటి దివాన్ కింద దూరిపోతున్నాడు, దువ్వెన కనిపిస్తే వణుకుతున్నాడు.

"డబ్బిచ్చి గాయం కొనుక్కున్నాం, ఇక ఇంట్లోనే చేసుకుందాం" అన్నారట భర్త. ఈమె ఆన్‌లైన్‌లో 2,400 పెట్టి ట్రిమ్మర్ సెట్ తెప్పించారు. పోయిన ఆదివారం బాత్రూములో పాప పట్టుకుంటే, షాపువాళ్ళు వదిలేసిన చంకల కింది బొచ్చు సరిచేయబోయారు. చర్మం కాస్త తెగింది. బంటి ఆమె బొటనవేలు కొరికాడు. రక్తం వస్తే పసుపు అద్దుకున్నారు. అత్తగారేమో "కుంకుడు రసంతో రుద్దితే సరిపోయేదానికి ఇంత గోలా? మా ఊళ్ళో కుక్కలకి ఎవరు చేయించారు కటింగులు?" అంటున్నారు. పాప ఏడుస్తోంది. "షాపుకి పంపితే వాళ్ళ చేతిలో గాయం, ఇంట్లో చేస్తే నా చేతిలో గాయం. నేనేం చేయాలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

అన్నిటికన్నా ముందు మీ బొటనవేలి సంగతి. నాలుగు పేజీల్లో దానికి మీరు ఒక్క వాక్యమే ఇచ్చారు. కుక్క పన్ను దిగి రక్తం వస్తే, అది మన ఇంట్లో పెరిగిన కుక్కే అయినా, పసుపుతో వదిలేయకూడదు. వెంటనే కుళాయి నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడిగి డాక్టరుకి చూపించాలి. ఆదివారం నుంచి ఇన్ని రోజులైనా సరే, ఈ సమాధానం చదవగానే వెళ్ళండి. బంటి టీకాల కార్డు కూడా తీసుకెళ్ళండి. రేబిస్ టీకా వేయాలా, టీటీ ఇంజెక్షన్ కావాలా అన్నది వాళ్ళు చూసి చెబుతారు. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగానే వేస్తారు. వాడికి ఏటా వేయించాల్సిన టీకా ఈ హడావుడిలో తప్పిపోయిందేమో కూడా చూసుకోండి.

రెండోది, బంటి గాయాలు. తొడ మీద ఆ ఎర్ర చార ట్రిమ్మర్ బ్లేడు వేడెక్కడం వల్లో, ఒకేచోట గట్టిగా ఒత్తి గీయడం వల్లో వచ్చి ఉంటుంది. కుక్క దాన్ని పదేపదే నాకుతుంటే తడి ఆరక పుండు పడుతుంది, మీ సముద్రపు గాలి తేమలో మరీ త్వరగా. మన ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్లు రాయకండి, వాడు నాకి మింగేస్తాడు. వెట్ డాక్టరుకి ఒకసారి చూపించండి. వాడు వణికేది భయంతోనే అని మీరు అనుకుంటున్నారు. నొప్పి కూడా ఉండొచ్చు కదా. నొప్పి ఉన్న కుక్కకి ఎన్ని ముద్దులు చేసి నేర్పినా దువ్వెన దగ్గరకి రాదు.

ఇక మీ ప్రశ్న. మీ ఉత్తరంలో కొన్ని విషయాలు ఒకదానికొకటి చిక్కుపడిపోయాయి. వాటిని విడివిడిగా చూద్దాం.

షాపువాళ్ళు చేసిన జీరో కటింగ్ తప్పా? నాకు తెలిసినంతలో ఆ కటింగ్ తప్పు కాకపోవచ్చు. షిట్జు బొచ్చు మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది. లాబ్రడార్‌కి రాలినట్టు ఇల్లంతా రాలదు. రాలిన వెంట్రుక కూడా పక్క వెంట్రుకల్లోనే ఇరుక్కుంటుంది. రెండు మూడు రోజులు దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, మెడ పట్టీ కింద, తోక మొదట్లో చిక్కులు మొదలవుతాయి. మూడు వారాలంటే చర్మానికి అతుక్కుని కంబళిలా గట్టిపడిపోతుంది. అలాంటి ఉండని దువ్వి విడదీయాలంటే గంటల తరబడి చర్మాన్ని లాగాలి. దానికన్నా మొదలంటా తీసేయడమే కుక్కకి తక్కువ బాధ. జాగ్రత్త తెలిసిన గ్రూమర్ కూడా అదే చేసేవారు. అతుక్కుపోయిన ఉండల కింద బ్లేడు నడపడం కష్టం కాబట్టి చర్మం కమిలే ప్రమాదం కూడా ఎక్కువ.

వాళ్ళ తప్పు ఇంకోచోట ఉంది. కటింగ్ మొదలుపెట్టే ముందు మీకు ఫోన్ చేసి ఉండాలి. "ఇలా ఉంది, మొత్తం తీసేయాలి, కమిలే అవకాశం ఉంది, సరేనా?" అని అడగాలి. తర్వాత ఆ చారని వాళ్ళే చూపించి చెప్పాలి. మీరు ఇంటికొచ్చి కనుక్కోవడం బాగాలేదు. మీ కోపం న్యాయమైనదే, ఫోన్ చేయలేదన్న దాని మీద మాత్రం. జీరో చేశారన్న కోపం ఉంటే అది వదిలేయండి. ఆ మూడు వారాలకి మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు కూడా. పెళ్ళింట్లో పనులు ఎలా ఉంటాయో తెలియనివాళ్ళెవరు? అయిపోయింది. కాకపోతే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. షాపులో జరిగేది ఎలా ఉంటుందన్నది చాలావరకు ఇంట్లో దువ్వెన ఎన్నిసార్లు తిరిగిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. వెయ్యి రూపాయల గ్రూమరైనా, మూడు వేల గ్రూమరైనా, ఆరు వారాల చిక్కుని రెండు గంటల్లో నొప్పి లేకుండా తీయలేరు.

అందుకే "ఇంట్లోనా, షాపులోనా" అన్న ప్రశ్నని నేను కాస్త విడగొడతాను. దువ్వడం, కళ్ళు తుడవడం, చెవులు చూడటం, తడి ఆరబెట్టడం మీ ఇంటి పనే. షాపుకి పంపినా తప్పదు, పంపకపోయినా తప్పదు. ఎవరు చేయాలో తేల్చుకోవాల్సింది మిగతా సగం: కటింగ్, గోళ్ళు, ముఖం దగ్గర కత్తెర పని, స్నానం.

అన్నీ ఇంట్లోనే చేసుకోవాలనుకుంటే అది అసాధ్యమేమీ కాదు. చాలామంది చేసుకుంటున్నారు. పోయిన ఆదివారం మీకు కుదరకపోవడానికి కారణం మీ చేతగానితనం కాదు. భయపడి ఉన్న కుక్కని, జారే బాత్రూము గచ్చు మీద, పన్నెండేళ్ళ పాప చేత పట్టించి, మొదటిసారి ఆన్ చేసిన ట్రిమ్మర్‌తో, ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం ఉన్న చంకలో మొదలుపెట్టారు. పదేళ్ళు అనుభవం ఉన్నవాళ్ళకైనా అలా మొదలుపెడితే తెగేది. పాపని మాత్రం ఇంకెప్పుడూ పట్టుకోమనకండి. ఆ రోజు కొరికింది మీ వేలు. పాప ముఖం అయ్యుండొచ్చు.

మా ఇంట్లో పామరేనియన్ ఉండేది. దాని గోళ్ళు నల్లగా ఉండేవి. తెల్ల గోరులో అయితే లోపలి రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోరులో కనిపించదు. ఒకసారి తొందరలో కాస్త ఎక్కువ కత్తిరించాను. చిన్న గోరే, కానీ తెల్ల టైల్స్ మీద హాలు నుంచి వంటింటి దాకా చుక్కలు చుక్కలుగా రక్తం. మైదాపిండి అద్ది ఐదు నిమిషాలు గట్టిగా నొక్కిపడితే ఆగింది. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు కాలు ముట్టుకోనివ్వలేదు. ఆ ఐదు నిమిషాల కన్నా ఆ ఆర్నెల్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. అందుకే చెబుతున్నాను, ఇంట్లో చేయడంలో అసలు ఖర్చు డబ్బు కాదు, తొందర. తొందరపడే రోజున ట్రిమ్మర్ బయటికి తీయకూడదు.

ఇప్పుడు మీకు కలిసొచ్చే సంగతొకటి ఉంది. బంటికి ఇప్పుడు బొచ్చు లేదు. అంటే దువ్వెన ఎక్కడా పట్టదు, లాగదు. వాడికి దువ్వెన మళ్ళీ అలవాటు చేయడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. గాయాలు మానాయని డాక్టరు చెప్పాక మొదలుపెట్టండి. చిక్కు పట్టేంత పొడవు మళ్ళీ పెరిగేలోపు మీకు కొన్ని వారాల టైముంది.

మొదటి నాలుగైదు రోజులు దువ్వెన నేల మీద ఊరికే పెట్టండి. దాని పక్కనే ఉడికించిన చికెన్ ముక్క, శాకాహారులైతే పనీర్ ముక్క, చిటికెన వేలి గోరంత. వాడే వచ్చి తినాలి, మీరు పిలవకూడదు. తర్వాత దువ్వెన చేత్తో పట్టుకుని ముక్క ఇవ్వండి. ఆ తర్వాత దువ్వెన వీపుకి ఒక్కసారి తగిలించి ఇవ్వండి. వాడు పక్కకి జరగకముందే మీరే ఆపేయాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మనమేమో వాడు విదిలించుకున్నాక ఆపుతాం. దాంతో విదిలించుకుంటే ఆగుతుందని వాడు నేర్చుకుంటాడు. రోజుకి రెండు నిమిషాలు చాలు. జారని చోటు కావాలి, కాళ్ళ కింద రబ్బరు మ్యాటో, మడిచిన గోనెసంచో వేయండి. కుక్కలు భయపడేది ట్రిమ్మర్‌కే కాదు, కాళ్ళు జారడానికి కూడా. ట్రిమ్మర్ సంగతి ఇంకా ఆలస్యంగా చూసుకుందాం. మొదట పక్కగదిలో ఆన్ చేసి శబ్దం అలవాటు చేయడం, తర్వాత ఆఫ్ చేసి దాని వెనకవైపుని వాడి వీపుకి ఆనించడం, ఆపైన ఆన్ చేసి ఆనించడం. దీనికి నెల పట్టినా ఫరవాలేదు.

దువ్వడంలో అందరూ చేసే తప్పొకటుంది. పైపైన బ్రష్ తిప్పితే బొచ్చు మెత్తగా, అందంగా కనిపిస్తుంది, లోపల చర్మం దగ్గర చిక్కు అలాగే ఉంటుంది. ఒక చేత్తో బొచ్చుని పైకెత్తి పట్టుకుని, పాయలు పాయలుగా కుదుళ్ళ నుంచి దువ్వుకుంటూ రావాలి. చివర్లో స్టీలు దువ్వెన చర్మానికి తగిలేలా పెట్టి లాగితే ఎక్కడా ఆగకూడదు. ఆగిందంటే అక్కడ ఉండ ఉన్నట్టు. ఆ ఉండని కత్తెరతో మాత్రం కోయకండి. లోపల చర్మం కూడా ముడుచుకుని ఉండలోకి వచ్చేస్తుంది, మనకి కనపడదు. కుక్కలకి కుట్లు పడే గాయాలు కొన్ని ఇలాగే అవుతాయి. వేళ్ళతో కొద్దికొద్దిగా విడదీయండి, రాకపోతే ట్రిమ్మర్‌తో తీయించండి. ఇంకో మాట, స్నానానికి ముందే దువ్వాలి. ఉండ తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. మీ ఊళ్ళో సగం సంవత్సరం తువ్వాలే సరిగ్గా ఆరదు కదా, షిట్జు బొచ్చు ఎక్కడ ఆరుతుంది? తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి కుదుళ్ళ దాకా ఆరబెట్టాలి. వాడి ముక్కు పొట్టిది, వేడి తట్టుకోలేడు. వేడిగాలి వద్దు.

అత్తగారి కుంకుడు రసం గురించి. చిన్నప్పుడు ఆదివారం తలంటు పోసుకున్నవాళ్ళెవరికైనా కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మనం "అమ్మా మంట" అని అరిచి కళ్ళు మూసుకునేవాళ్ళం. బంటి కళ్ళు గుడ్లు బయటికొచ్చినట్టు ఉంటాయి, అందుకే షిట్జులకి కంటి దెబ్బలు, పుండ్లు తేలిగ్గా వస్తాయి. అందుకని వద్దు. మన షాంపూలు కూడా కుక్క చర్మానికి సరిపడవు, పొడిబారి దురద వస్తుంది. కుక్కల షాంపూనే వాడండి, మూడు నాలుగు వారాలకోసారి చాలు. ముఖానికి షాంపూ వద్దు, తడిబట్టతో తుడిస్తే చాలు. ఊరి కుక్కల సంగతి ఆవిడ చెప్పింది నిజమే. నాటు కుక్క బొచ్చు పొట్టిది, కాలానికి రాలిపోతుంది, దానికి మనిషితో పనిలేదు. షిట్జుని మనిషే ఇలా పెంచుకున్నాడు, బొచ్చు ఆగకుండా. కాబట్టి తీసే పూచీ కూడా మనిషిదే. ఆవిడతో ఇది వాదనగా కాకుండా మామూలుగా చెప్పండి. దువ్వేటప్పుడు చికెన్ ముక్క పెట్టే పని ఆవిడకి అప్పగిస్తే ఇంకా మంచిది.

మళ్ళీ షాపుకే పంపాలనుకుంటే, ఆ షాపుకైనా వేరే షాపుకైనా, ముందు బంటి లేకుండా మీరొక్కరే వెళ్ళి చూడండి. లోపల ఏం జరుగుతుందో అద్దంలోంచి కనిపిస్తుందా? టేబుల్ మీద మెడకి తాడు కట్టి కుక్కని ఒంటరిగా వదిలి ఫోన్లు మాట్లాడుతున్నారా? పంజరంలో పెట్టి వేడిగాలి వదిలే పద్ధతి ఉంటే పొట్టి ముక్కు కుక్కని అక్కడ వదలకండి. టీకాల కార్డు అడుగుతారా లేదా చూడండి. అడిగే షాపంటే నాకు నమ్మకం. మీరు కావాలనుకునే పొడవు వేలితో చూపించి చెప్పండి. "అంతకన్నా తక్కువ చేయాల్సొస్తే ముందు ఫోన్ చేయండి" అని చెప్పి, అది వాళ్ళ చీటీ మీద రాయించండి. మొదటిసారి కటింగ్ వద్దు. గోళ్ళు, పాదాల కింది బొచ్చు మాత్రం చేయించుకుని పావుగంటలో తీసుకొచ్చేయండి. ఇంటికొచ్చి చేసే గ్రూమర్లు, వ్యాన్లలో వచ్చేవాళ్ళు దొరికితే బంటి లాంటివాడికి అది నయం. వేరే కుక్కల అరుపులు ఉండవు, మీరు పక్కనే ఉంటారు. రేటు మాత్రం ఎక్కువ అడుగుతారు. పాత షాపుకి వెళ్ళినా వెళ్ళకపోయినా, ఒకసారి ఫోన్ చేసి కోపం లేకుండా జరిగింది చెప్పండి. వాళ్ళు ఏమంటారో దాన్నిబట్టి మీకు నిర్ణయం తేలికవుతుంది.

మూడో దారి ఈ రెండూ కలిపింది. దువ్వడం, స్నానం, పాదాలు ఇంట్లో. పూర్తి కటింగ్, ముఖం పని రెండున్నర, మూడు నెలలకోసారి షాపులో. ముఖం గురించి ఎందుకు విడిగా అంటున్నానంటే, కళ్ళ పక్కన కత్తెర పెట్టినప్పుడు వాడు ఒక్కసారి తల తిప్పితే చాలు. మీకు చెయ్యి తిరిగేదాకా ఆ పని వాళ్ళకే వదిలేయండి. ఈలోపు కళ్ళలోకి పడే బొచ్చుని మెత్తటి రబ్బరు బ్యాండుతో పిలక వేస్తే సరిపోతుంది. వాడు చేయనిస్తున్నాడంటే, మీరు పక్కన ఉండగా, పాప చేయొచ్చు ఆ పని. పాదాల కింద మెత్తల మధ్య పెరిగే బొచ్చు మాత్రం మీరు తప్పక నేర్చుకోండి. మీ గ్రానైట్ గచ్చు మీద వాడు జారేది దానివల్లే. వాడు నడుస్తుంటే గోళ్ళు టక్‌టక్‌మని వినిపిస్తే పెరిగాయని అర్థం. ముందుకాళ్ళకి లోపలివైపు పైన ఒక పక్కగోరు ఉంటుంది. అది నేలకి తగలదు, అరగదు. వంకర తిరిగి కండలోకి దిగేదాకా ఎవరూ చూడరు. ఈ రోజే చూడండి.

లెక్క మీవారి కోసం. ఆరు వారాలకోసారి అంటే ఏడాదికి ఎనిమిది, తొమ్మిదిసార్లు, 14,400 నుంచి 16,200. మూడో దారిలో నాలుగైదుసార్లు, అంటే 7,200 నుంచి 9,000. అన్నీ ఇంట్లోనే అయితే షాంపూ, బ్లేడు పదును పెట్టించడం తప్ప పెద్ద ఖర్చు లేదు. కానీ "ఇంట్లోనే చేసుకుందాం" అన్న మాటలో చేసేది ఎవరో లేదు. చూడండి, ట్రిమ్మర్ కొన్నది మీరు, మొదలుపెట్టింది మీరు, కరిపించుకున్నది మీరు. ఇది ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాల్సిన పని, ఒకరు పట్టుకోవాలి, ఒకరు చేయాలి. రోజూ పది నిమిషాలు దువ్వడం, నెలకోసారి ఆదివారం రెండు గంటలు స్నానం, కటింగ్. ఆయన ఏ రోజులు తీసుకుంటారో ముందు అడగండి. ఆయన చేతులు కూడా కలుస్తాయంటే ఇంట్లో చేసుకోవడం మంచి మార్గం. అంతా మీ ఒక్కరి మీదే పడేట్టుంటే, బ్యాంకు నుంచి వచ్చాక మీకు ఓపిక లేని రోజు బంటికి గాయమయ్యే రోజు అవుతుంది. అప్పుడు షాపు ఖర్చు దండగ ఖర్చు కాదని ఆయనకి స్పష్టంగా చెప్పండి.

దువ్వేటప్పుడు దొరికేవాటి గురించి ఒక మాట. చెవుల లోపల, వేళ్ళ మధ్య పిడుదులు ఉంటే పట్టకారుతో చర్మం దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగేయండి. కిరోసిన్, ఫినాయిల్ లాంటివి అస్సలు రాయకండి. పిడుదులు దొరికిన వారాల్లో వాడు తిండి మానేసినా, నీరసంగా పడుకున్నా డాక్టరు దగ్గరకి ఆలస్యం చేయకండి, వాటివల్ల వచ్చే జ్వరాలు ప్రాణం మీదకి తెస్తాయి. చెవి వాసన వస్తున్నా, తల విదిలిస్తున్నా ఇంట్లో ఇయర్‌బడ్స్ దూర్చకండి. పిర్రలు నేలకేసి ఈడ్చుకుంటుంటే అక్కడ గ్రంథులు నిండి ఉండొచ్చు, అది డాక్టరు నొక్కి తీయాల్సిన పని.

చివరగా, "బంటి మళ్ళీ నా దగ్గరకి వస్తాడా?" అని పాప అడుగుతోందని రాశారు. ఒక పని చెప్పండి తనకి. దివాన్ కింద చెయ్యి పెట్టి లాగొద్దనండి, పేరు పెట్టి పిలవొద్దనండి. రోజూ సాయంత్రం దివానుకి వీపు ఆనించి నేల మీద కూర్చుని స్కూలు హోంవర్క్ చేసుకోమనండి. పక్కన నాలుగు పనీర్ ముక్కలు, చేతికి అందే దూరంలో ఆ దువ్వెన. మొదటి రోజు ముక్కు మాత్రం బయటికి వస్తుంది. అప్పుడు కూడా తల తిప్పి చూడొద్దనండి.